పుల్లమజ్జిగ రాసిన ఒకే ఒక్క నిజం

నవ్వకండి. ఆ నవ్వు ఆపితేగానీ నేను నోరు విప్పను. రూఫస్, నీకు కూడా చెబుతున్నాను. గడ్డం గీసే కత్తి చేత్తో పట్టుకుని అలా భుజాలు ఊపుతూ నవ్వితే ఆ కుర్చీలో కూచున్నవాడి గొంతు ఏం కావాలి?

సరే, వినండి. మీరంతా ఈ ఊరివాళ్ళే, నన్ను చిన్నప్పట్నించీ ఎరిగినవాళ్ళే. ఓబెడ్ ప్లమ్లీ అంటే ఎవరు? హార్లన్ క్రాసింగ్‌లో దాణా కొట్టు నడుపుకునే పెద్దమనిషి. శుక్రవారం శుక్రవారం మన ఊరి పత్రికలో ‘పుల్లమజ్జిగ’ పేరుతో రాసేది కూడా ఆ పెద్దమనిషే. లోకంలో మంచివాడంటూ ఎవడూ లేడనీ, ఉన్నట్టు కనిపిస్తే ఇంకా దొరకలేదని అర్థమనీ ఏళ్ళ తరబడి మీకు విడమరిచి చెబుతున్నాను. ఆదివారం పాదిరిగారు కట్టిన మేడల్ని శుక్రవారం నేను కూల్చకపోతే ఈ ఊరు ఏమైపోయేదో ఆలోచించండి.

‘మా ఊళ్ళో నిజాయితీపరుడు ఒకడున్నాడు, పాపం, అతనికింకా అవకాశం రాలేదు’ అని రాసింది ఎవరు? నేను. ‘పెళ్ళంటే ఇద్దరు మనుషులు ఒకే అభిప్రాయంతో బతకడం, అది ఎవరి అభిప్రాయమో తేలేదాకా గడిచే రోజుల్ని హనీమూన్ అంటారు’ అన్నది ఎవరు? నేనే. అలాంటి నన్ను, ఒక్క ముక్క చికెన్ పై కోసం, వీధి వీధంతా వింటుండగా... ఆగండి. కోపంలో చివరిది ముందొచ్చేస్తోంది. మొదట్నించీ చెబుతాను.

మా ఆవిడ లవీనియా చికెన్ పై గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. చర్చి విందులో దాని కోసం మీరెలా మోచేతులు వాడతారో నేను కళ్ళారా చూశాను. బాప్టిస్టు ఇంట్లో పుట్టిన రూఫస్ కిందటేడు మా మెథడిస్టు చర్చిలో కలిసింది కూడా మోక్షం కోసం కాదు. కోడికూర మీద కప్పి కాల్చిన ఆ ఎర్రటి పిండి పొర, ఫోర్కు ఆనగానే పొరలు పొరలుగా విడిపోవడం, లోపల్నించి ఆవిరితో పాటు ఆ కోడి వాసన... ఇప్పుడు నేను దాని గురించి మాట్లాడకూడదు. డాక్టరు వద్దనలేదు, నా ప్రాణమే వద్దంటోంది.

కానీ మీరే చెప్పండి, బాగా వండిపెట్టే భార్య గురించి రాస్తే ఎవడు చదువుతాడు? కడుపు నిండిన మొగుడిలో హాస్యం ఏముంటుంది? అందుకని పత్రికలో మా ఆవిడ వంటని నేను కొంచెం సవరించాను. ‘మా ఆవిడ కాల్చిన బన్ను ఒకటి తలుపుకి అడ్డం పెట్టాం. మొన్న గాలివానకి తలుపు విరిగింది, బన్ను కదల్లేదు’ అని రాశాను. ‘మా ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన పొడుగ్గా ఉంటుంది, తర్వాత ఏం జరుగుతుందో అందరికీ తెలుసు కదా’ అన్నాను. ‘మా అత్తగారు మా ఇంటికి రాగానే స్పూన్లు లెక్కపెడుతుంది, ఆవిడ వెళ్ళగానే నేను లెక్కపెడతాను’ అన్నాను. అత్తగారు అప్పట్నించీ నాతో మాట్లాడలేదు. రాతకి అలాంటి లాభాలు కూడా ఉంటాయి.

లవీనియా ప్రతి శుక్రవారం ఇస్త్రీ చేస్తూ చదివేది. బన్ను సంగతి చదివిన రోజున నన్ను ఎగాదిగా చూసి, “ఇది తిన్న నోటితోనే రాశారా?” అంది.

“నోటితో తింటాను, చేత్తో రాస్తాను. రెండూ వేరే శాఖలు” అన్నాను.

“అయితే రేపట్నించి చేతికే వడ్డిస్తాను” అని మళ్ళీ ఇస్త్రీలో పడిపోయింది. అంతకు మించి ఏమీ అనేది కాదు. ఊళ్ళో అందరూ తన వంట తిన్నవాళ్ళేననీ, వాళ్ళు నవ్వేది నన్ను చూసేగానీ తనని చూసి కాదనీ ఆమె ధీమా. నాకూ అది సౌకర్యంగానే ఉండేది. పగలు పుల్లమజ్జిగ రాసి రాత్రి చికెన్ పై తినే మనిషి కంటే అదృష్టవంతుడు ఇండియానా రాష్ట్రంలో లేడు.

ఇంతలో స్లోకమ్ నుంచి కబురొచ్చింది. వెండెల్ స్లోకమ్ అంటే నగరంలో పెద్ద పత్రిక నడిపే ఆయన. నా రాతలు ఎవరో చూపించారట, పడి పడి నవ్వాడట, తన పత్రికలో వారం వారం వేస్తాడట. కాకపోతే ముందు ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికొచ్చి నా బతుకు కళ్ళారా చూడాలట. ఎందుకంటే అంతకుముందు ఆయన పెట్టుకున్న చేదు రచయిత ఇంటికి ఎవరో పాఠకులు వెళ్తే, ఆ మహానుభావుడు పెళ్ళాంతో కలిసి గులాబీలకి నీళ్ళు పోస్తూ పాటలు పాడుతూ దొరికాడు. పత్రిక పరువు పోయింది. అందుకని ఈసారి నిజంగా ఏడ్చేవాడే కావాలని పట్టుబట్టాడు.

నా సంకటం అర్థమైందా? ఆయనొచ్చి లవీనియా వంట ఒక్క ముద్ద తిన్నాడంటే నా పని అయిపోయినట్టే. రైళ్ళలో జనం నన్ను చదువుకుని నవ్వే యోగం, రాష్ట్రమంతా నా పేరు, అంతా ఆ పై పొర కింద సమాధి. పోనీ లవీనియాకే చెప్పి, ఒక్కపూట వంట పాడుచెయ్యమందామా అంటే, ఆ మాట అనేంత ధైర్యం నాకు ఏనాడూ లేదు. చర్చి విందులకి ఇరవై ఏళ్ళుగా వండుతున్న మనిషి అతిథికి కావాలని చెడ్డ కూడు పెడుతుందా? కాబట్టి ఆమెకి తెలియకుండా ఆమె వంట నేనే చెడగొట్టాలి. దీనికి సలహా కోసం రూఫస్‌కి ఫోన్ చేశాను.

ఇక్కడే నాకు ఘోరమైన అన్యాయం జరిగింది. మన వీధి ఫోన్ల సంగతి తెలిసిందే కదా. అన్ని ఇళ్ళకీ ఒకటే తీగ. ఇంటింటికీ గంట వేరు, మా ఇంటిది ఒక పొడుగు, రెండు పొట్టి. ఎవరి గంట మోగినా వీధంతా రిసీవర్లు ఎత్తి వింటుంది. ఎత్తినకొద్దీ గొంతు సన్నబడిపోతుంది. కాబట్టి గొంతు సన్నగా వినిపిస్తే వినేవాళ్ళున్నట్టు, ఖంగున వినిపిస్తే ఎవరూ లేనట్టు. ఇది మన ఊళ్ళో పసిపిల్లకి కూడా తెలిసిన లెక్క. పైగా అది గురువారం మధ్యాహ్నం. ఆడవాళ్ళంతా బొంతలు కుట్టడానికి చర్చికి పోయే వేళ. చర్చిలో ఫోన్ లేదు.

రూఫస్ గొంతు గుడిగంటలా ఖంగుమంది. నేను నిశ్చింతగా పథకం అంతా విప్పాను. పొయ్యిలో వేసే మొక్కజొన్న కండెలు తడిపేస్తాననీ, పై లోపలి కూరలో గుప్పెడు ఉప్పు వేస్తాననీ, బన్నుల పిండిలో పొంగే పొడి బదులు గోడకి కొట్టే సున్నం కలుపుతాననీ చెప్పాను. “పాపం కదరా?” అన్నాడు రూఫస్. “పాపం కాదు, కళ” అన్నాను. ఆ మాటకి నాకే ముచ్చటేసింది.

నాకేం తెలుసు ఆ రోజు చర్చి పొయ్యి పొగలు కక్కుతోందని, బొంత మొత్తం మా పక్కింటి గట్రిడ్జ్ ముసలావిడ ఇంటికి తరలిందని? ఆ ఇంటి గోడకి ఫోనుంది. ఒకే ఒక్క రిసీవరు, దాని చుట్టూ వీధిలోని ఆడవాళ్ళ తలకాయలన్నీ. అందుకే గొంతు అంత బాగా వినిపించింది. ఆ తలకాయల్లో మా ఆవిడది కూడా ఒకటి. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది, అప్పటికి నాలో కోపం తప్ప ఇంకేమీ మిగల్లేదు.

ఆదివారం తెల్లారగట్లే లేచి కండెలు తడపబోతే అవి అప్పటికే తడిసి ఉన్నాయి. రాత్రి కప్పు కారిందనుకున్నాను. ఉప్పు గుప్పిట్లో పట్టుకుని కూర గిన్నెలో వేలు ముంచి నాకి చూశాను. కళ్ళల్లోంచి నీళ్ళొచ్చాయి. దాంట్లో ఇంక ఉప్పు పట్టే చోటు లేదు. పిండి చూస్తే అది నా చేతికి రాయిలా తగిలింది. భగవంతుడు కూడా నగరపత్రికలు చదువుతాడేమోనని మొదటిసారి అనిపించింది. సున్నం తీసుకెళ్ళి మళ్ళీ కొట్టాంలో పెట్టేశాను.

స్లోకమ్ వచ్చాడు. సన్నగా పొడుగ్గా, గట్టి కాలరులో మెడ ఇరుక్కుపోయిన మనిషి. గుమ్మంలోనే ఆగిపోయాడు. తలుపుకి అడ్డంగా ఒక బన్ను ఉంది. ఆయన వంగి, చేత్తో ఎత్తి, బరువు చూసి, మళ్ళీ మెల్లగా అక్కడే పెట్టాడు. పాదిరిగారు బైబిలు కూడా అంత భక్తిగా పట్టుకోరు.

లోపల మా అత్తగారు కెజయా కూచుని ఉంది. నాతో మాట్లాడని ఆ మనిషిని ఎవరు పిలిచారో నాకు తెలీదు. స్పూన్లు బల్లమీద పరిచి పైకి వినబడేలా లెక్కపెడుతోంది. స్లోకమ్ జేబులోంచి పెన్సిలు తీశాడు.

ప్రార్థన లవీనియా చెప్పింది. ఈ బల్ల దగ్గర కూచున్నవాళ్ళ పళ్ళని కాపాడమంది, కడుపులకి బలమిమ్మంది, గతంలో ఇక్కడ తిని పోయినవాళ్ళ ఆత్మలకి శాంతి కోరింది. ఆమేన్ అనేసరికి కాఫీ చల్లారిపోయింది. అది వేడిగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో తెలుసుకునే అవకాశం పోయినందుకు నేను దేవుడికి విడిగా థాంక్స్ చెప్పుకున్నాను.

అప్పుడు పై వచ్చింది. కత్తి దిగలేదు. లవీనియా కొట్టాంలోంచి గొడ్డలి తెమ్మంటారా అని వినయంగా అడిగింది. చివరికి అత్తగారూ నేనూ చెరో పక్కా పట్టుకుంటే ఒక మూల విరిగింది. సరిగ్గా అదే సమయానికి కిటికీలోంచి వాసనొచ్చింది. అసలైన వాసన. ఎర్రగా కాలిన పొర వాసన. తల తిప్పి చూస్తే పక్కింటి వరండాలో గట్రిడ్జ్ ముసలావిడా బొంతల బృందమంతా ఒళ్ళో పళ్ళాలు పెట్టుకుని కూచున్నారు. మా ఇంటి నీలం అంచు గిన్నె వాళ్ళ మధ్యన ఉంది. నన్ను చూసి ఆవిడ ఫోర్కు ఊపింది. అప్పుడు నాకు అంతా అర్థమైంది.

“ఆ కమ్మటి వాసన ఎక్కడిదమ్మా?” అన్నాడు స్లోకమ్.

“పక్కింట్లోదండీ. వాళ్ళాయన పోయి చాలా కాలమైంది. అందుకని వాళ్ళింట్లో వంట బాగుంటుంది” అంది మా ఆవిడ.

స్లోకమ్ ఆ మాట రాసుకున్నాడు. నా ఇంట్లో కూచుని, నా బల్లమీద, మా ఆవిడ మాట రాసుకున్నాడు. ఆ తర్వాత బన్ను కొరికాడు. టక్ మని ఒక చప్పుడైంది. అది బన్నుది కాదు. ఆయన దవడ పట్టుకుని, కళ్ళనీళ్ళతో నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

“ప్లమ్లీగారూ, మీరు చాలా తగ్గించి రాశారు. ఎంత సంస్కారం మీది” అన్నాడు. రైలు టైముకి ఆకలితో, సంతోషంతో వెళ్ళిపోయాడు.

నేను గెలిచాను. ఎవరు గెలిపించారన్నది వేరే సంగతి. సాయంత్రం వంటింట్లోకెళ్ళి, “సరే, నీకంతా తెలిసిపోయింది. చాలా ఘనంగా చేశావు. ఇంక ఆ నీలం గిన్నెలో ఏమైనా మిగిలితే పెట్టు” అన్నాను.

“మిగల్లేదు” అంది.

“అయితే రేపు చెయ్యి.”

“ఎలా చేస్తానండీ? మీరు వారం వారం రాష్ట్రమంతా చదివేలా రాస్తారు, మీ ఆవిడ రాళ్ళు వండుతుందని. నేను చర్చికెళ్ళే మనిషిని. నా మొగుడు అబద్ధాలకోరని జనం అంటే నేను భరించలేను. మీరేం రాస్తే ఈ ఇంట్లో అదే ఉంటుంది. మీ మాట నిలబెట్టడం నా ధర్మం.”

దీన్ని ఏమంటారు? నేను అడుగుతున్నాను, దీన్ని ఏమంటారు? ఇంగితం ఉన్న ఏ కోర్టయినా దీన్ని హింస అంటుంది. ఆమె మాత్రం విధేయత అంటుంది. మర్నాడు బన్ను, ఆ మర్నాడు బన్ను. హోటల్ నడిపే డెల్ఫీన్ నన్ను చూడగానే పొయ్యి ఆర్పేసింది. ఆవిడ ఫోను కూడా ఆ తీగ మీదే ఉంది. రూఫస్, నువ్వు నీ భార్యకి భయపడి నాకు ఒక్క ఉడికించిన గుడ్డు కూడా పెట్టలేదు. నేను మర్చిపోలేదు.

నగరపత్రికలో నా రాతలు పడ్డాయి. జనం విరగబడి చదివారు. పేరొచ్చింది. ప్యాంటు జారడం కూడా మొదలైంది. బెల్టుకి మేకుతో కొత్త కన్నం పొడుచుకుంటూ ఆలోచించాను. పేరు కావాలా, పై కావాలా? సిగ్గు విడిచి చెబుతున్నాను, పై కావాలి. అంతేకాదు. సాయంత్రం ఇంటికొస్తే లవీనియా నాకు ఎదురుగా కూచుని తనూ అదే బన్ను నానబెట్టుకుని తినేది. మొదట్లో ఇద్దరం ఒకరి దవడ చప్పుడు ఒకరు విని నవ్వుకున్నాం. తర్వాత ఆమె నవ్వడం మానేసింది. ఆమె నవ్వని ఇల్లు నాకేమీ బాగాలేదు.

దాంతో కూచుని, నా జన్మలో మొట్టమొదటిసారి, నిజం రాశాను. మా ఆవిడ చికెన్ పై ఈ రాష్ట్రంలోకెల్లా గొప్పదని రాశాను. ఆ పొర గురించి రాశాను, ఆవిరి గురించి రాశాను. ఇన్నాళ్ళూ అబద్ధాలు కూశాననీ, ఆమె నా బల్ల దగ్గర కూచోవడం నా యోగ్యతకి మించిన సంగతనీ రాశాను. రాస్తుంటే కాగితం మీద రెండు చుక్కలు పడ్డాయి. అవి నోరూరి పడ్డవి కూడా కావచ్చు.

అది నగరపత్రికలో అచ్చయిన రోజు సాయంత్రం మా ఇంటి గంట మోగింది. ఒక పొడుగు, రెండు పొట్టి. నేనెత్తాను. టక్, టక్, టక్ మని వీధంతా ఎత్తింది. లవీనియా కూడా వచ్చి నా చెవి పక్కన చెవి పెట్టింది. ఆమె చేతుల నిండా పిండి. మెత్తటి పిండి. పొద్దున్నే పత్రిక చదివి, మారుమాట్లాడకుండా కోడిని తెప్పించిన మనిషి ఆమె.

తీగలో సన్నగా స్లోకమ్ గొంతు. “ప్లమ్లీగారూ, మీలో ఇంత విషం ఉందనుకోలేదు. ఆఫీసంతా కిందపడి దొర్లుతోంది. ‘నా యోగ్యతకి మించినది’ అట. పెళ్ళాన్ని ఇంత క్రూరంగా వెక్కిరించినవాడు నాకు తెలిసి లేడు. ఇలాంటివే ఇంకా పంపండి.”

నేను అది నిజమని అరిచాను. అరిచినకొద్దీ అవతల ఆయన పగలబడి నవ్వాడు. నవ్వుతూనే పెట్టేశాడు.

లవీనియా పిండి చేతులు ఏప్రానుకి తుడుచుకుంది. “మీరు అబద్ధం రాసినన్నాళ్ళూ నాకేమీ అనిపించలేదు. నా గురించి ఒక్క నిజం రాశారు. ఊరుగాని ఊళ్ళో దానికి నవ్వుతున్నారు” అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూశాను. మన కాపురాల్లో మనం ఎన్నో చూస్తాం, అది మాత్రం చూడకూడదు. నా మీద నాకే వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. స్లోకమ్ మీద వచ్చింది అంతకంటే ఎక్కువ. ఇంక ఆయనకి ఒక్క అక్షరం పంపనని అక్కడికక్కడే చెప్పాను.

“అది సరే. మన ఊరికైనా చెప్పండి” అంది ఆమె. ఫోను దగ్గరికెళ్ళి పిడి పట్టుకుని ఆపకుండా తిప్పింది. ఆపకుండా మోగే గంట అంటే ఏమిటో మీకు తెలుసు. ఎక్కడో ఇల్లు కాలితే మోగించే గంట అది. వీధిలో ఎవరూ ఎత్తకుండా ఉండకూడని గంట. రిసీవరు నా చేతికిచ్చింది.

నేను చెప్పాను. మా ఆవిడ పై అంత మంచిది ఎక్కడా లేదనీ, పుల్లమజ్జిగ రాసినదంతా అబద్ధమనీ చెప్పాను. అందరూ వింటున్నారు గనక నా గొంతు దోమ రొదలా అయిపోయింది. వినబడట్లేదు, గట్టిగా అని ఎవరో అన్నారు. గట్టిగా చెప్పాను. ఇంకా గట్టిగా అన్నారు. గొంతు చించుకుని అరిచాను. ఫోన్ లేని మీరంతా విన్నది అదే. అద్దెబళ్ళ కొట్టాంలో గుర్రాలు బెదిరినందుకు నేను బాధ్యుణ్ణి కాను.

తర్వాత గట్రిడ్జ్ ముసలావిడ గొంతు, నింపాదిగా: “ఇవాళ మరీ వెటకారంగా మాట్లాడుతున్నాడమ్మా. పాపం లవీనియా.”

వీధంతా ఘొల్లున నవ్వింది. నా వెనక మా ఆవిడ కూడా. ఆ నవ్వు విని నాకు ప్రాణం లేచొచ్చింది, కాదనను. కానీ న్యాయం మాట దగ్గరికి రండి. ఆ ముసలావిడ ఆ పై తిన్న మనిషి కాదూ? ఫోర్కు ఊపిన మనిషి కాదూ? వాళ్ళలా అన్నది నమ్మక కాదు, సరదా తీరక.

రాత్రి బల్ల మీదికి నీలం గిన్నె వచ్చింది. లవీనియా ఒక్క ముక్క కోసి నా పళ్ళెంలో పెట్టి, గిన్నె తీసుకెళ్ళి అలమారలో పెట్టి తాళం వేసింది.

“ఇది మీరు చెప్పినందుకు. రెండోది వాళ్ళు నమ్మాక” అంది.

అదీ సంగతి. ఆ అలమారకి ఇంకా తాళం అలాగే ఉంది. కాబట్టి రూఫస్, ఆ సబ్బు చెయ్యి కడుక్కో. ఫోను నీ గోడకే ఉంది. ఒక పొడుగు, రెండు పొట్టి. మా ఆవిడ ఎత్తుతుంది. ఓబెడ్ చెప్పింది నేను నమ్ముతున్నాను అని ఒక్క మాట చెప్పు, చాలు. మిగతావాళ్ళంతా వరసగా నిలబడండి, తలా ఒక మాట చెబుదురుగాని.

అలా కాదు. నవ్వకుండా చెప్పాలి.